తాడు కట్టని బొమ్మ

"ఏమయ్యా, రొట్టెల పిండంతా జిగురుకే తగలేశావా? రేపు సెలాయా సంతలో ఒక్క బొమ్మ మిగిలినా ఇంటికి రాకు!" అంది యులాలియా.

ఆమె మొగుడు నికనోర్, చనిపోయినవాళ్లు ఇంటికొస్తారని నమ్మే మృతుల పండుగకి అట్టతో చిన్న శవపేటికల బొమ్మలు చేస్తున్నాడు. తాడు లాగితే లోపలి అస్థిపంజరం లేచి కూర్చుంటుంది. ఆఖరి పేటికలోని అస్థిపంజరం నుదుటిమీద, చనిపోయిన తన తల్లి డొమితీలా పేరు రాశాడు.

చీకటిపడింది. పొయ్యిమీద చాక్లెట్ పాలు పొంగాయి. బల్లమీద ఏదో టక్కుమంది. డొమితీలా లేచి కూర్చుంది.

"నువ్వు లాగావా?"

"గరిటె తిప్పుతూనా?" అంది యులాలియా పొయ్యి దగ్గర్నుంచి.

నికనోర్ పేటికను తిరగేసి చూశాడు. తాడింకా కట్టనేలేదు. మూత వేశాడు. లోపల మళ్లీ టక్కుమంది.

చాక్లెట్ వాసన తగిలితే చాలు, అత్తగారు ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చునేదని యులాలియాకి గుర్తొచ్చింది.

భోజనానికి కూర్చున్నాక ఆమే తేల్చి చెప్పింది: "దీన్ని అమ్మేది లేదు. మీ అమ్మకీ ఓ కప్పు పెట్టు. ముందు ఆవిడకే పొయ్, లేకపోతే రాత్రంతా నన్ను సాధిస్తుంది."