పై అంతస్తు మెట్లు

"మామూలు లెన్స్ చాలు డాక్టరమ్మా," అంది దోన్కా, మొగుణ్ణి నోరెత్తనివ్వకుండా. "మీద కళ్ళజోడు పెట్టుకుంటాడు. ఈ వయసులో కొత్తగా చూడాల్సిందేముంది?"

హరలాంపికి ఒళ్ళు మండింది. "కన్ను నాదా, నీదా? గాబ్రోవో దానివనిపించుకున్నావు. చలికాలం వేడి పోకుండా తలుపు తొందరగా మూసుకోవచ్చని పిల్లి తోకలు కోసే పిసినారి ఊరు మరి."

డాక్టర్ వెలిచ్కోవా నవ్వాపుకుంది. "ఆవిడ చెప్పిందీ తప్పు కాదు తాతగారూ. మామూలు లెన్స్‌తోనూ శుక్లం పోతుంది. కానీ మీ కంటి ముందు పొర బంతిలా గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. ఆ వంకర ఉండిపోతుంది. దాన్నీ సరిచేసే లెన్స్ వేరే ఉంది."

"అది వేస్తే మెట్టు అంచు రెండుగా కనిపించడం పోతుందా?"

"పోతుంది."

"అయితే అదే వెయ్యండి."

"ఏ మెట్లయ్యా?" అంది దోన్కా. "మనది కింది వాటా. గడప దాటితే వీధే కదా."

అతను డాక్టరు వైపు తిరిగి ఆపరేషన్ తేదీ అడిగాడు.

పై వాటా తమ్ముడు ప్రోదాన్‌ది. తండ్రి పోతూ కింద పెద్దవాడికి, పైన చిన్నవాడికి రాసిచ్చాడు గాని పెరట్లో ద్రాక్ష తీగ సంగతి మరిచాడు. వేరు కింద, గుత్తులు పైన. ఆ తీగ కోసం అన్నదమ్ములు మాటలు మానేశారు. తన ముందు వాడి పేరెత్తినవాళ్ళ గుమ్మం జన్మలో తొక్కనని హరలాంపి ఒట్టేశాడు. అంత మొండివాడితో ఎవరు పెట్టుకుంటారు? వీధి వీధంతా ఆ పేరు మింగేసి ఊరుకుంది.

మిగిలిందల్లా ఒక చప్పుడు. ప్రోదాన్‌కు పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. సాయంత్రమైతే బూట్లతో గదంతా తిరిగేవాడు. హరలాంపి చీపురు కర్రతో ఇంటి కప్పును పొడిచేవాడు. పైనుంచి మడమతో రెండు దెబ్బలు జవాబొచ్చేవి. "చావడు వెధవ," అని తిట్టుకుని, అప్పుడు తృప్తిగా సూప్ ముందు కూర్చునేవాడు. దోన్కా పక్కింట్లో సీరియల్ చూసి వచ్చేసరికి గిన్నె ఖాళీ అయి ఉండేది.

పోయిన చలికాలం గుండె నొప్పితో ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్ళూ అతనికి ఆ చప్పుడు మీదే బెంగ. గుండెకు ఏ కుదుపూ తగలకూడదని అక్కడి డాక్టర్లు మరీ మరీ చెప్పి పంపారు. ఆ వంకతో దోన్కా అతని రకియా సారా సీసా దాచేసింది. అతను మాత్రం ఇంటికొచ్చిన సాయంత్రమే చీపురు కర్ర అడిగాడు. దోన్కా అది చేతికిచ్చి సీరియల్‌కు వెళ్ళింది, కాసేపటికి పైన బూట్ల చప్పుడు మొదలైంది.

ఆపరేషన్ రోజు, పడుకోబెట్టకముందే డాక్టరు అతన్ని నిటారుగా కూర్చోబెట్టి కంటి మీద సిరాతో గుర్తులు పెట్టింది. "పడుకుంటే కన్ను కొంచెం తిరుగుతుంది. లెన్స్ ఈ గుర్తుకు సరిగ్గా కూర్చోవాలి. పక్కకు తిరిగిందంటే పడ్డ శ్రమంతా వృథా."

"మా ఇంట్లో ఇద్దరు పక్కకు తిరిగి ఏళ్ళయిందమ్మా," అన్నాడు హరలాంపి.

కట్టు విప్పాక బస్సు దిగి, రొట్టెల కొట్టు బోర్డు పైకి చదువుతూ చంటిపిల్లాడిలా మురిసిపోయాడు. దోన్కా చెయ్యి పట్టుకుని గబగబా ఇంటికి లాక్కొచ్చింది. మెట్ల దగ్గర అతను చెయ్యి విడిపించుకున్నాడు.

"నువ్వెళ్ళు. నేను పైకి వెళ్తున్నా."

"పైకెందుకు?"

"వాడి దగ్గరికి. తప్పు నాదేనని చెప్పడానికి పెళ్ళాం చెయ్యి పట్టుకుని ఎక్కమంటావా? అందుకే కన్ను బాగుచేయించుకున్నా. గుత్తులన్నీ వాణ్ణే తిననీ. చచ్చేలోగా వాడి మొహం సరిగ్గా చూడాలే."

"డాక్టరమ్మ మెట్లెక్కొద్దంది."

"బరువులెత్తొద్దంది. నాకూ చెవులున్నాయి."

ఎక్కాడు. ప్రతి మెట్టుకూ ఒకే అంచు. పై గుమ్మం ముందు ఆగి, చొక్కా సర్దుకుని, తలుపు తట్టబోయాడు.

తలుపు మీద ఎండకు వెలిసిన కాగితం ఉంది. పైన నల్ల శిలువ, దాని కింద ప్రోదాన్ ఫొటో, పోయిన చలికాలం నాటి తేదీ. ఆ ఊళ్ళో తలుపులకు అలాంటి కాగితం అంటించేది ఇంట్లో మనిషి పోతేనే. ప్రతి అక్షరమూ స్పష్టంగా కనిపించింది.

"అబద్ధం," అన్నాడు కిందికి తిరిగి. "మొన్న సాయంత్రం కూడా నడిచాడు. నేను పొడిస్తే జవాబిచ్చాడు."

దోన్కా కింది మెట్టు మీద కూలబడింది.

"ప్రోదాన్ బూట్లు నాకు బాగా వదులయ్యా," అంది.