ఎర్రగీతకు అటూ ఇటూ తెల్లగీతలు

"ఈ గీత వేసిందెవరో చెప్పు. చెప్పేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు," అంది దోబ్రినా.

కొండమీది బస నడిపే త్సోన్యో గరిటె పక్కన పెట్టి ఆమె ఫోన్లోకి తొంగిచూశాడు. ఫొటోలో బీచ్ జాతి అడవిచెట్టు మొదలు. దానిమీద తెలుపు, ఎరుపు, తెలుపు, మూడు గీతలు. రంగు ఇంకా కొత్తగానే ఉంది.

దారి చూపే ఆ గీతలను నమ్మే ఆమె భర్త వెల్కో పోయాడు. కోమ్ శిఖరం నుంచి ఎమినే దగ్గర సముద్రం దాకా నడవాలని ముప్ఫై ఏళ్ళు కలగన్న మనిషి. ఇరవై రోజుల దారిలో ఎనిమిదో రోజు, మే నెల పొగమంచులో, ఈ చెట్టు చూపించిన వైపు తిరిగి రెండు వందల అడుగులు వేశాడు. ఆపైన నేల లేదు. కోమ్ మీద ఏరుకున్న గులకరాయిని సముద్రంలో వేస్తేనే నడక పూర్తయినట్టు. ఆ రాయి అతని సంచి జేబులో అలాగే ఉండిపోయింది. అతను ఆగిన చోటి నుంచి దాన్ని తీసుకెళ్ళడానికి భార్య వచ్చింది. అదొక్కటే పనైతే ఇంత పంతంతో వచ్చేది కాదు.

"అక్కా, సెలవుల్లో ఎవరెవరో వస్తారు, రంగు డబ్బాలు పట్టుకుని అడవిలోకి పోతారు. ఊరికే చేసే పనికి పేర్లెవరు రాస్తారు?" అన్నాడు త్సోన్యో.

"మనిషిని చంపే పని ఊరికే చేస్తారా?"

మూల బల్ల దగ్గర చిక్కుడుగింజల పులుసు తాగుతున్న ముసలాయన తల ఎత్తాడు. పేరు మనోల్. నలభై ఏళ్ళుగా ఈ దారికి గీతలు వేయించేది ఆయనే.

"నాకు తెలుసమ్మా," అన్నాడు.

"నిజంగా తెలుసా?"

అక్కడి అలవాటు ప్రకారం అవునని తల అడ్డంగా ఊపాడు. "ఎమినే దగ్గర కలుస్తాడు. గీతలు దిద్దుకుంటూ నేనూ అటే పోతున్నా. నాతో రా."

"పేరు చెప్పండి చాలు."

"అక్కడే చెప్తా."

పన్నెండు రోజుల నడక. దారి చీలిన ప్రతిచోటా మనోల్ ఆగేవాడు. చెట్టు బెరడు గీకి, మూడు గీతలు వేసి, పదడుగులు ముందుకెళ్ళి వెనక్కి తిరిగి చూసుకునేవాడు. దోబ్రినాకు ఒళ్ళు మండేది.

"ఇంత జాగ్రత్త ఆ చెట్టు దగ్గర ఏమైంది? ఆ గీత వేసింది మీరు పంపినవాడే కదా? ఒకసారి వెళ్ళి చూసుకోవద్దా?"

"చూసుకోవలసిందే. చూసుకోలేదు."

ఆమె జేబులో ఫోన్ మోగేది. పేరు చూసి మళ్ళీ జేబులో పెట్టేసేది.

"మావాడు ప్లామెన్. వదిలెయ్యమ్మా అంటాడు. నిరుడు సెలవుల్లో ఈ కొండలే లోకంగా తిరిగినవాడు, తండ్రి పోయాక నాతో రమ్మంటే గోడవైపు తిరిగి పడుకున్నాడు. తండ్రి కోసం కోపం కూడా తెచ్చుకోలేని సన్నాసి. ఇద్దరి కోపమూ నేనే మోస్తున్నా."

మనోల్ డబ్బాలో రంగు కలుపుతూ ఉండిపోయాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, రొట్టె, తెల్ల జున్ను ముందు పెట్టుకున్నాక ఆయనే అడిగాడు. "వాడు నీ కాళ్ళమీద పడి, తప్పైపోయింది అంటే?"

"తన్నేస్తా. ఊరూరా వాడి పేరు చెప్తా. కన్నతల్లి కూడా వాడి మొహం చూడకుండా చేస్తా."

ముసలాయన ఆ పూట రొట్టె ముట్టుకోలేదు. ముద్ద గొంతు దిగనంత తప్పు ఏదో ఈయన లోపల ఉందని ఆమెకు అప్పుడే అనుమానం కలిగింది.

ఎమినేలో గాలి మనిషిని నిలవనివ్వడం లేదు. దీపస్తంభం, బండలు, కింద సముద్రం. మనిషి జాడ లేదు.

"ఏడీ?"

"నేనే."

ఆయన ఆగకుండా చెప్పుకుపోయాడు. "అటవీశాఖ వాళ్ళ హద్దు గీత ఒకటి ఉంది ఆ చెట్టుమీద. ఎర్రది. మంచులో అది మన పాత గీతే అనుకున్నా. దానికి అటూ ఇటూ తెల్లగీతలు కలిపా."

"నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నావు. వాళ్ళ ఎరుపేదో మన ఎరుపేదో నీకు తెలీదా? నిన్న డబ్బా పట్టినవాడు చెయ్యాల్సిన తప్పు నువ్వు చేశావా?"

"మంచు. ముసలి కళ్ళు."

"పన్నెండు రోజులు నా పక్కన నడిచావు. నా చేతి రొట్టె తిన్నావు. ఒక్కరోజైనా నోరు రాలేదా?"

"రాలేదమ్మా."

ఆమె ఆయన చేతిలోని డబ్బా లాక్కుని బండకేసి కొట్టింది. ఎర్రరంగు ఆయన బూట్లమీదా, ప్యాంటు మీదా చిందింది. రెండో చేతిలో వెల్కో రాయి ఉంది. ఆయన తల వంచుకుని నిలబడ్డాడు, పక్కకు తప్పుకోలేదు. ఎత్తిన ఆ చెయ్యి సముద్రంవైపు తిరిగింది. చివరకు రాయి సముద్రంలో పడింది.

"నీ చావుకు నీళ్ళిచ్చేవాడు కూడా లేకుండా పోవాలి," అంది. "ఇంటికెళ్ళి నా కొడుక్కి నీ పేరు చెప్తా. వాడైనా లేచి నాలుగు తిట్లు తిడతాడు."

"తప్పకుండా చెప్పు తల్లీ."

ఆమె వెనక్కి చూడకుండా ఊరివైపు దిగిపోయింది. ఆమె ఎక్కిన బస్సు దుమ్ము కనుమరుగయ్యేదాకా మనోల్ అక్కడే కూర్చున్నాడు. తర్వాత రంగు అంటిన వేళ్ళతో ఫోన్ తీశాడు.

"ప్లామెన్, ఆ గీత నేనే వేశానని మీ అమ్మ నమ్మింది."