ఒడ్డెక్కిన ఝింటు

“ఉన్నవన్నీ కట్టెయ్యి నిమాయీ,” అన్నాడు శివతోష్.

కాలేజ్ స్ట్రీట్‌లో వాన పడుతోంది. నిమాయి తన కొట్టు మీద కప్పిన పట్టా ఎత్తి, పాత పుస్తకాల్లోంచి ఆ నవల ప్రతులు బయటికి లాగాడు.

“మొన్నా ఇవే పట్టుకెళ్ళారు. ఏం దాదా, చేపల పులుసులో వేసుకుంటున్నారా?”

శివతోష్ నవ్వలేదు.

“సీరియల్ వచ్చాక అందరూ దీన్నే అడుగుతున్నారు. పుస్తకంలో ఝింటు చెరువులో పడి చచ్చిపోతాడు కదా. టీవీలో ఒడ్డెక్కించేశారు. ఎవరు బతిమాలారో పాపం.” నిమాయి పురికొస తీశాడు. “రాసినావిడది మారుపేరట. ఇదొక్కటే రాసి మానేసింది.”

“తొందరగా కట్టు.”

ఇంట్లో అతని భార్య హైమంతి చాలాకాలంగా సరిగా నిద్రపోలేదు. రాత్రుళ్ళు లేచి వీధి తలుపు తీసి నిలబడేది. ఎవరికోసం అని అడిగితే చెప్పలేకపోయేది. సీరియల్లో ఝింటు బురద కాళ్ళతో చెరువు మెట్లెక్కి వచ్చిన నాడు మాత్రం తెల్లారేదాకా పడుకుంది. అప్పటినుంచి తలుపు జోలికి పోలేదు. అన్నం తిన్న సంగతి గంటకే మరిచిపోయే మనిషి, ఝింటును మరవలేదు.

కానీ అసలు పుస్తకం కావాలని పట్టుపట్టింది. “టీవీ వాళ్ళు సగం ఎగరగొడతారు. నాకు వాడి కథ మొత్తం కావాలి.”

దొరకడం లేదని ఆమెకు చెబుతూ, దొరికిన ప్రతి ప్రతినీ కొని అటక మీద పడేస్తున్నాడు శివతోష్. చివరి అధ్యాయం చదివిందంటే ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది. ఈసారి మూయడం తన వల్ల కాదు.

ట్రామ్ దిగి సందులోకి వచ్చేసరికి పక్కింటి కోడలు మామొని ఎదురైంది.

“ఎక్కడికెళ్ళారు కాకాబాబూ ఈ వానలో? ఇంట్లో కాకీమాది పొద్దున్నుంచీ ఆ పుస్తకం గొడవే. పోనీలెమ్మని మన పేట లైబ్రరీ నుంచి తెచ్చిచ్చాను. భోజనం కూడా మానేసి చదువుతున్నారు.”

చేతిలో మూట జారి నీళ్ళలో పడింది. అతను వంగలేదు. పరుగెత్తాడు.

హైమంతి కిటికీ పక్కన కూర్చుని ఉంది. పుస్తకానికి లైబ్రరీ వాళ్ళు వేసిన ఖాకీ అట్ట చివర్లు చిరిగి వేలాడుతోంది. కుడివైపు కాగితాలు దాదాపు లేవు.

“ఇలా ఇవ్వు. కళ్ళు లాగుతాయి. నేను చదువుతాను, విను.”

ఆమె ఇచ్చింది. అతను పేజీలో ఉన్నది వదిలేసి చదివాడు.

“ఝింటు చేతికి మెట్టు దొరికింది. పైకొచ్చాడు. అమ్మా, ఆకలేస్తోంది అన్నాడు...”

“అలా లేదండీ,” అంది హైమంతి నెమ్మదిగా. “నేను చదివేశాను. వాడు రాలేదు.”

అతను పుస్తకం మూసేశాడు.

“చేతిలో కలం ఉంది కదా, ఒడ్డెక్కిస్తే ఏం పోయింది ఈవిడకి? పిల్లలు లేరేమో.”

“లేరు,” అన్నాడు శివతోష్.

ఆమె అతని చేతిలోంచి పుస్తకం లాక్కుని మంచం మీదికి విసిరింది. అది బోర్లా పడింది.

ఊడిపోయిన ఖాకీ కాగితం పక్కన, వెనక అట్ట మీది రచయిత్రి ఫొటోలో, ఝింటును ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాతికేళ్ళ కిందటి హైమంతి నవ్వుతోంది.