ఎన్నికల సభలో ఎక్కాలు

అంటుజబ్బు ఉందని మా మండలానికి ఎర్ర రంగు వేసి, బడి మూసి రెండేళ్లయింది. ఈ జబ్బు మహా తెలివైనది లెండి. వైన్ షాపు గడప తొక్కదు, ఎన్నికల సభ జోలికి పోదు, బడి గంట వింటే మాత్రం పరుగెత్తుకొస్తుందట! బడి తెరవాలా వద్దా అని టీవీలో వాదించే పెద్దల పిల్లలు పచ్చ జిల్లాల్లో చక్కగా చదువుకుంటున్నారు. మా మనవరాలు చినతల్లి అక్షరాలే మరిచిపోయింది. నలుగురు పిల్లలు పలకలు పట్టి కూర్చుంటే కాపలా డ్రోను దిగొచ్చి తరిమేస్తోంది.

జీతం ఆపి ఇంట్లో కూర్చోబెట్టిన అప్పలకొండ టీచరమ్మతో అన్నాను.

"అమ్మా, నువ్వు ఎలక్షనుకి నిలబడు."

"వేళాకోళమా బాబాయ్?"

"కాదు తల్లీ. సభలకి అడ్డు లేదు కదా!"

నామినేషను వేసింది. బడి ముందు జెండాలు కట్టాం. ఆవిడ మైకులో "ఏడేడులూ?" అంటే, పిల్లలు పిడికిళ్లెత్తి "నలభై తొమ్మిది!" అని అరిచారు. డ్రోను విని, "సభ కొనసాగించండి" అని వెళ్లిపోయింది. "బిర్యానీ పెట్టినా మా వాళ్లకింత గొంతు లేవదే!" అని అవతలి పార్టీవాళ్లు కుళ్లుకున్నారు.

చినతల్లి గుణింతాలు దాటి ఒత్తుల్లోకొచ్చేసరికి పోలింగు అయిపోయింది. మర్నాడే డ్రోను దిగింది.

"ఎన్నికలు ముగిశాయి. ఇళ్లకి పొండి."

"మళ్లీ ఎన్నికలెప్పుడు తాతా?"

"అయిదేళ్లకి."

చినతల్లి డ్రోను వంక చూసి, కిందికి వంగి గులకరాయి తీసింది. అది చిన్నదని, నేను పెద్దది ఏరిచ్చాను.