ఎదురుబల్ల అమ్మకం

"ఆ శిఖర కంప్యూటర్ కొనొద్దవ్వా. పొయ్యి మాదిరి కాగుతాది!" అంది రెబెకా.

"ఆమె తేజ కంప్యూటర్ తెరుసుకునే లోపల నీ మనవరాలి చదువే అయిపోతాది!" ఎదురుబల్ల నుంచి అరిచాడు రోషన్.

మదనపల్లెలోని ఆ షాపులో ఇద్దరూ కంప్యూటర్లు అమ్మేవాళ్లే, కంపెనీలే వేరు: ఆమెది తేజ, అతనిది శిఖర. మనవరాలు పావనికి కంప్యూటర్ కొనడానికి చౌడేపల్లె నుంచి వచ్చిన గంగులమ్మకు ఆ పోట్లాటతో తల తిరిగింది. టీ తాగొస్తానని బయటపడింది.

తిరిగొచ్చేసరికి ఆ ఇద్దరూ మెట్ల మీద ఒకే క్యారియర్‌లో అన్నం తింటున్నారు.

"ఇంతసేపూ కొట్లాడి, ఇప్పుడిదేందప్పా?"

"నా పెండ్లామే అవ్వా," రోషన్ సిగ్గుపడ్డాడు. "ఆ తిట్లు కంపెనీలోళ్లు నేర్పించినవి."

"అట్లయితే నిజం చెప్పు. ఏది మంచిది?"

"రెండింట్లోనూ లోపలుండేది ఒకటే."

గంగులమ్మకు నవ్వొచ్చింది. "నిజం చెప్పినావు. నీదే ఇయ్యప్పా."

రెబెకా ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగిపోయింది. రోషన్ ఆమె వైపు చూశాడు.

"నాది వద్దవ్వా, ఆమెదే తీసుకో. ఈ నెల ఒకటన్నా అమ్మకుంటే ఆమెను పనిలోనుంచి తీసేస్తారు."

"మెల్లిగా మాట్లాడు, మీ మేనేజర్ ఇంటాడు," అంది రెబెకా, కళ్లు తుడుచుకుంటూ.

తేజ పెట్టెను ఆటోదాకా మోసుకొచ్చింది రోషనే.