నోరున్నవాడు

"ఆ రికార్డింగు చివరిదాకా వినండి మేడమ్. మీకు పుణ్యముంటుంది."

"ఎలా వినాలో మీరు నాకు నేర్పక్కర్లేదు. ముందు కూర్చోండి," అంది భాషాశాస్త్రం ప్రొఫెసర్.

"కూర్చునే టైము లేదండీ. మా ఆవిడ కింద జెరాక్సు తీయిస్తోంది, వచ్చేస్తుంది. నేను చెప్పేదేంటంటే..."

"నన్ను కాస్త మాట్లాడనిస్తారా?"

"మాట్లాడండి మేడమ్, కానీ చివర్లో ఉందండీ, అసలు సంగతంతా..."

ప్రొఫెసర్‌కి ఒళ్లు మండింది. పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, తను నోరు తెరిచినప్పుడల్లా అడ్డు తగులుతున్నాడు. ఆలుమగల మాటల్లో ఎవరు ఎవరికి అడ్డొస్తారన్నదే ఆవిడ పరిశోధన. ఒప్పుకున్నవాళ్ల ఇంట్లో చిన్న రికార్డరు పెట్టి, తర్వాత తెచ్చుకుని వింటుంది. నోరున్నవాడిదే రాజ్యమని సామెత ఊరికే అంది, ఆవిడ లెక్కలతో సహా రుజువు చేసి పుస్తకం రాసింది, పేరు తెచ్చుకుంది. ఇతని ఇంటి రికార్డింగు కూడా సగం విన్నది. మొగుడిది ఒకటే వాగుడు, పెళ్లాం నోట్లోంచి 'ఊ' తప్ప మాట లేదు. ఇంకా వినడానికి ఏముంది?

"మీ చేతికి ఆ కట్టేమిటి?"

అతను చటుక్కున చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "జారిపడ్డానండీ."

కోపమొచ్చి ఏ తలుపునో గుద్ది ఉంటాడని ప్రొఫెసర్ అనుకుంది. ఆ పిల్ల ఈ మనిషితో ఎలా వేగుతోందో అని గుండె కలుక్కుమంది.

అంతలో తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. చేతిలో కాగితాలతో, నోట్లో నాలుక లేనట్టు నిలబడింది అతని భార్య. అతని మాట సగంలో తెగిపోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటున్నాడని ప్రొఫెసర్‌కి లోలోపల నవ్వొచ్చింది.

"రామ్మా. నీకు తెలియకుండా ఏదీ జరగకూడదని చెబుతున్నాను. మీ ఆయన నువ్వు లేకుండా చూసి నా దగ్గరికొచ్చారు. ఆ రికార్డింగు చివరిదాకా వినమంటున్నారు. ఎందుకో మరి."

ఆమె మొగుడి వైపు చూసింది.

"అలాగా," అంది మెల్లగా. "ఇంటికి వెళ్దాం పదండి."

అతను ప్రొఫెసర్ వైపు చూశాడు. నుదుటి మీద చెమట కారుతోంది, తుడుచుకోలేదు. ఆమె అతని కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. ఎంత ఓర్పో ఈ పిల్లకి, అనుకుంది ప్రొఫెసర్.

వాళ్లు మెట్లు దిగిపోయాక కూడా ఆవిడకి పనిమీద మనసు నిలవలేదు. అంత వాగేవాడు పెళ్లాం రాగానే ఎందుకు నోరు మూశాడు? చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రికార్డింగు చివరికి జరిపింది. అదే వాగుడు. తర్వాత టక్కుమని ఏదో చప్పుడు. ఆపైన ఆడగొంతు, తొణకకుండా, బెణకకుండా.

"మిషను ఆపేశావా?"

"ఆపేశాను," అన్నాడు అతను.

"ఎక్కువ మాట్లాడేవాడిదే పెత్తనమని ఆ పంతులమ్మ పుస్తకంలో రాసుకుంది, కాబట్టి రేపు కూడా ఇలాగే వాగు. ఆపావో, రెండో చెయ్యి కూడా విరుగుతుంది."