పూజగూట్లో రౌటర్

"రౌటర్ పనా? నా కళ్లకు గంతలు కట్టండి. కాలి బొటనవేలితో సెట్ చేస్తా!"

బాగలూరు మొత్తానికీ వినపడేలా అన్నాడు దర్శన్.

అది పదకొండు రోజుల కిందటి మాట. పదకొండు రోజులూ సెట్ చేశాడు. పదకొండు రోజులూ పొద్దున ఎనిమిది దాటగానే రౌటర్ అంతా మరిచిపోయింది. పేరు, పాస్‌వర్డ్, ఏదీ గుర్తు లేదు. ఇంకో వారమైతే తను రౌటర్‌నన్న సంగతి కూడా మరిచిపోయేలా ఉంది.

ఈరోజు పదకొండు గంటలకు అతని అక్క మేఘకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. రెండేళ్లలో పిలుపొచ్చిన ఒకే ఒక్క ఉద్యోగం. ఇంట్లో సెల్ సిగ్నల్ ఉండదు. మేడ మీద నీళ్ల ట్యాంకెక్కితే ఒక్క గీత. నిన్న ఆ ట్యాంకెక్కే నెట్ కంపెనీకి ఫోన్ చేసి, మనిషిని పంపమని ఏడ్చినంత పని చేసింది.

"వాళ్లు రారక్కా. నేనుండాను కదా! తొమ్మిదికే సెట్ చేసేసినాను. ఇంక బ్రహ్మ వచ్చినా కదలదు."

పది ముప్పావుకు తల్లి పుష్పవతి పూజగూడు ముందు నిలబడింది. వైరు అక్కడికే వచ్చిందని రౌటర్‌ని దేవుళ్ల పక్కనే పెట్టారు. రోజూ పొద్దున పూజలో దానికీ ఒక బొట్టు, ఒక ఊదుబత్తి. ఈరోజు కూతురి కోసం రెండోసారి వెలిగించింది.

గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. నల్ల పంచె, మెడలో మాల, చెప్పుల్లేని కాళ్లు, భుజాన సంచి.

"సామి శరణం. నెట్టు..."

"నెట్టే లేదు సామీ," దర్శన్ మధ్యలోనే బొంకేశాడు. "ఫోన్లో దుడ్డు పంపేదానికి అవదు. బియ్యమైతే ఇస్తాను."

"అది కాదప్పా, నేను..."

"తెలుసు సామీ, శబరిమలకు పోతా ఉండారు. మా కోసం కూడా మొక్కుకోండి."

దర్శన్ దోసెడు బియ్యం తెచ్చి చాచాడు. మాలలో ఉన్నవాడు ఇరుముడికి ఇచ్చిన బియ్యం ఎలా కాదంటాడు? పైగుడ్డలో పట్టి కళ్లకద్దుకున్నాడు. తలుపులోంచి పూజగూటి వైపు చూశాడు.

"అమ్మా, ఊదుబత్తి దాని వెనకాల గుచ్చొద్దమ్మా. తీసేయండి."

"పూజ చేసేది కూడా మీరే నేర్పిస్తారా సామీ?" అని దర్శన్ గేటు వేశాడు.

"ఎవర్రా?" లోపలి నుంచి మేఘ అడిగింది.

"ఎవరూ లేదక్కా. గాలికి గేటు కొట్టుకొనింది."

పదకొండుకు రెండు నిమిషాలుందనగా ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది.

నెట్ లేదు.

రౌటర్ మళ్లీ అన్నీ మరిచింది. దర్శన్ మళ్లీ సెట్ చేయడానికి కూర్చున్నాడు. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టాడు. ఇంకోసారీ తప్పే.

మేఘ ఫోన్ పట్టుకొని ట్యాంకెక్కింది. ఎండలో, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. దర్శన్ కింద నిచ్చెన పట్టుకొని నిలబడ్డాడు. అంతకుమించి అతని చేతిలో ఏమీ లేదు.

పదకొండుంపావుకు మెయిల్ వచ్చింది. మీరు హాజరు కాలేదు కనుక మీ పేరు తీసేశాం.

మేఘ ట్యాంకు మీద నుంచే నెట్ కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నిన్న అంత బతిమాలుకొంటే ఒక్క మనిషిని పంపలేదు కదమ్మా!"

"పంపినామే మేడం! మా మెకానిక్ మునిరాజన్న లీవులో ఉండాడు, మధ్యాన్నం బస్సుకు శబరిమలకు పోవాల. మీ సంగతి చెప్తే ముందు మీ ఇంటికే వచ్చినాడు. ఊదుబత్తి పుల్ల రీసెట్ కంతలో గుచ్చి ఉందంట, దానికే అంతా చెరిగిపోతా ఉందంట. తీయమంటే గేటు వేసినారంట."

"మా ఇంటికి ఎవరూ రాలేదు!"

ఆ మాట అంటూనే మేఘ కిందికి చూసింది.

"దర్శనూ?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి ఒక్క అబద్ధమూ తోచలేదు.

"వచ్చినాడక్కా," అన్నాడు నిచ్చెన వదలకుండా. "మాల చూసి, అడుక్కొనేదానికి వచ్చినాడనుకొన్నాను. నీ కోసం వచ్చిన మనిషికి బియ్యం పోసి నేనే పంపేసినాను."